అక్కడ దురద అని చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది

పోయినేడు ఏప్రిల్‌లో మొదలైంది. వైజాగ్‌లో ఏప్రిల్ అంటే తెలిసిందే, ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు వీపుకి అంటుకుపోతుంది. అక్కయ్యపాలెం నుంచి గాజువాక దాకా రోజూ బస్సులో పోయి ఒక హార్డ్‌వేర్ షాపులో అకౌంట్స్ చూస్తాను. బిగుతు లెగ్గింగ్, చెమట, ఎనిమిది గంటలు రెగ్జిన్ కుర్చీ. దురద మొదలైతే ఉక్కపోత వల్లే అనుకున్నాను. వారం తిరిగేసరికి తెల్లబట్ట కూడా మొదలైంది. మామూలుగా అయ్యేది కాదు, విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా.

అమ్మకి ఫోన్ చేస్తే "వేడి చేసుంటుంది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు" అంది. తాగాను. బార్లీ నీళ్ళూ తాగాను. తాగితే నష్టమేం లేదు గానీ, తగ్గిందీ లేదు.

అప్పుడు మెడికల్ షాపుకి వెళ్ళాను. మా సందు చివరి షాపే, కౌంటర్లో ఉండే కుర్రాడు మా పెద్దాడి స్నేహితుడికి అన్న. జనం పల్చబడేదాకా ఎదురుగా బొండాల బండి దగ్గర నిలబడి, అక్కర్లేని బొండం ఒకటి తాగి, అప్పుడు వెళ్ళి "దురదకి క్రీము ఇవ్వు బాబూ" అన్నాను.

"ఎక్కడాంటీ? చేతికా, కాలికా?"

"కాలికి."

కాలికి రాసుకునే క్రీమే ఇచ్చాడు. వాడి తప్పేముంది? రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గిపోయింది. మూడు వారాలకి అంతకంతా తిరగబెట్టింది. మళ్ళీ అదే ట్యూబు. అలా మూడు ట్యూబులయ్యాయి. ఆ డబ్బా మీద ఏం రాసుందో చదవాలని ఒక్కసారీ తట్టలేదు. లెడ్జర్లో అర్ధరూపాయి తేడా వస్తే అర్ధరాత్రి దాకా వెతికేదాన్ని, నా ఒంటికి రాసుకునేదాని పేరు మాత్రం చదవలేదు.

తగ్గకపోయేసరికి శుభ్రం చాలట్లేదన్న అనుమానం పట్టుకుంది. టీవీ ప్రకటన చూసి గులాబీ రంగు సీసా ఒకటి తెచ్చాను. అదీ చాలక గోరువెచ్చటి నీళ్ళలో యాంటీసెప్టిక్ కలిపి రోజుకి మూడుసార్లు లోపలిదాకా కడిగాను. కడిగిన పది నిమిషాలు హాయిగా ఉండేది, తర్వాత మంట. మంట పుడితే మళ్ళీ కడగడం.

డాక్టర్లంటే భయమా అంటే కాదు. నేను పుట్టిందే ఘోషాసుపత్రిలో (బోర్డు మీద విక్టోరియా అని ఉంటుంది గానీ వన్‌టౌన్లో ఎవర్నడిగినా ఘోషాసుపత్రే అంటారు). ఇద్దరు పిల్లల్ని కన్నాను. కానీ కాన్పంటే పదిమందీ పళ్ళు పట్టుకుని చూడ్డానికొస్తారు. ఇది అలాంటిది కాదు కదా. పైగా ఇది సుఖరోగమేమో, ఈయన ఏమనుకుంటారో, అసలు ఈయన దగ్గర్నుంచే వచ్చిందేమో. ఇదే ఆలోచన రాత్రంతా తిరిగేది.

డిసెంబరులో ఒక పొద్దున లేచి చూసుకుంటే గోళ్ళలో నెత్తురు. నిద్రలో గీరుకున్నాను. మూత్రం పోస్తే నిప్పు పెట్టినట్టుంది. ఆ రోజు సెలవు పెట్టి ఎంవీపీ కాలనీలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఏంటమ్మా?" అంది. నేను "తెల్ల..." అని ఆగిపోయాను. ఆవిడే "తెల్లబట్టా? దురదుందా? వాసనుందా? ఎన్నాళ్ళయింది?" అని వరసగా అడిగింది, పప్పు ఎన్ని విజిల్స్ పెట్టాలో అడిగినంత మామూలుగా. ఎనిమిది నెలలనేసరికి మాత్రం పెన్ను కింద పెట్టింది.

పరీక్ష గురించి కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే నన్ను ఆపింది ఆ భయమే. ఆకుపచ్చ కర్టెన్ వెనక బల్ల. నడుం కింద బట్టలు తీసి, పైన దుప్పటి కప్పుతారు. నర్సమ్మ "మోకాళ్ళు పక్కకి వదిలేయమ్మా, ఊపిరి నోటితో తీసుకో" అంది. లోపల చూడ్డానికి పెట్టే స్పెక్యులమ్ చల్లగా తగిలింది, లోపల వాపున్నందుకు కాస్త నొప్పి పుట్టింది. దూదిపుల్లతో కొంచెం తీసి గాజుపలక మీద రాశారు, ఒక రంగు కాగితానికీ తాకించారు. అంతా కలిపి ఐదు నిమిషాలు. బొండాల బండి దగ్గర అంతకంటే ఎక్కువసేపు నిలబడ్డాను.

బయటికొచ్చాక బ్యాగులోంచి ట్యూబు, సీసా తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ ట్యూబు తిప్పి చదివింది. "క్లోబెటసాల్. గట్టి స్టెరాయిడ్ ఇది. దురద అణుగుతుంది, అడుగున ఫంగస్ పెరుగుతుంది, చర్మం పల్చబడుతుంది." సీసా మూత కూడా తియ్యలేదు. అప్పుడు చెప్పింది. లోపలి భాగం తనని తానే శుభ్రం చేసుకుంటుందట. పెరుగు తోడుకునే సూక్ష్మజీవుల చుట్టాలే అక్కడా ఉండి పులుపు తయారుచేస్తాయి, ఆ పులుపుని కొలిచే పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). మనం ఒళ్ళు రుద్దుకునే సబ్బు 9, 10 ఉంటుంది. లోపల కడిగితే కాపలా కాసే ఆ సూక్ష్మజీవులే పోతాయి. బయట మాత్రం మామూలు నీళ్ళు చాలు, ముందు నుంచి వెనక్కి. "నీ బాధలో సగం ఫంగస్‌ది, సగం నువ్వు పోసిన వాటిది" అంది. "మరి పెరుగు రాస్తే?" అన్నాను, చుట్టాలంది కదా అని. నవ్వి, "అన్నంలో కలుపుకో" అంది.

ఫంగస్ పేరు కాండిడా. సుఖరోగం కాదు, ఆయనకి దురదో మంటో ఉంటే తప్ప మందక్కర్లేదు అంది. ఆ ఒక్క మాటకే ఫీజు ఇవ్వొచ్చు. గర్భం లేదని రూఢి చేసుకుని ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు మూడు మాత్రలు, ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు వేసుకోమని రాసింది. పైన రాసుకోవడానికి స్టెరాయిడ్ కలవని ఫంగస్ క్రీము, క్లోట్రిమజోల్. నా చీటీ చూసి మీరు కొనుక్కోకండి. తెల్లబట్టలన్నీ ఒకటి కావు. చేపల వాసనతో పల్చగా బూడిదరంగులో అయితే అది బ్యాక్టీరియా గొడవ, మందు వేరు. పచ్చగా నురగతో అయితే ఇంకోటి, దానికి ఆలుమగలిద్దరూ మందు వాడాలి. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగేది అసలు జబ్బే కాదు.

ఇంతా రాసి, చివర్లో షుగర్ టెస్టు రాసింది. దురదకొస్తే షుగరెందుకని విసుక్కున్నాను. పరగడుపున 171 వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. 6.5 దాటితే షుగరున్నట్టే. ఒంట్లో చక్కెర ఎక్కువైతే ఫంగస్‌కి రోజూ పండగే, అందుకే అన్నిసార్లు తిరగబెట్టింది. నలభై రెండేళ్ళకే నాకు షుగరుందన్న సంగతి ముందు చెప్పింది ఆ దురదే.

వారంలో దురద పోయింది. షుగర్ దారికి రావడానికి మాత్రం నెలలు పట్టింది, ఆ కథ వేరు. ఆరు వారాలకి మళ్ళీ వెళ్తే పాప్ స్మియర్ కూడా తీశారు, గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ లక్షణాలున్నాయేమో చూడ్డానికి. ముప్ఫై దాటిన ఆడవాళ్ళకి గవర్నమెంటు ఆసుపత్రుల్లో గర్భాశయ ముఖద్వారం చూసే పరీక్ష ఊరికే చేస్తారని ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు.

ఇంట్లో మారింది పెద్దగా ఏం లేదు. లెగ్గింగులు పోయి కాటన్ ప్యాంట్లొచ్చాయి. షాపులో నీళ్ళు తాగడం మానేసేదాన్ని బాత్రూం బాగోదని, ఇప్పుడు తాగుతున్నాను. ఇంకోటి, లోదుస్తులు. ఇన్నేళ్ళూ బాత్రూంలో తలుపు వెనక మేకుకి, వాటి మీద లంగా కప్పి ఆరేసేదాన్ని. ఈ సముద్రపు గాలికి అవి ఎప్పుడూ చెమ్మగానే ఉండేవి, అలాగే తొడుక్కునేదాన్ని. ఇప్పుడు డాబా మీద ఎండలో, తీగ మధ్యలో ఆరేస్తున్నాను. మొదటి రోజు అత్తయ్య చూసి "మగాళ్ళు తిరిగే చోట అదేటమ్మా" అంది. వాటితో వాళ్ళకేం పనత్తయ్యా అన్నాను. ఊరుకుంది.

నాలుగు రోజులాగి, నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని "ఆ డాక్టరమ్మ ముసలోళ్ళని చూస్తాదేటి?" అంది. అత్తయ్యకి అరవై ఏడు, షుగర్ పదిహేనేళ్ళుగా ఉంది. నాలుగు నెలలుగా అదే దురదట. వేపాకు నీళ్ళతో కడుక్కుంటోందట.

తీసుకెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, చెవుడు కదా, వరండా అంతా వినబడేలా "కింద దురదమ్మా, సచ్చిపోతన్నాను" అంది. డాక్టరమ్మ వాడే మాత్రలన్నీ చూపించమంది. అత్తయ్య ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లించింది. డాక్టరమ్మ అందులోంచి డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రల అట్ట పక్కకి తీసి, "ఇదెప్పట్నుంచి?" అంది. లెక్కేస్తే ఐదు నెలలు. ఆ మాత్ర చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపిస్తుందట. గుండెకీ కిడ్నీకీ మంచిదే గానీ కొందరు ఆడవాళ్ళకి ఈ ఫంగస్ తెస్తుంది. మీకు మీరు మానేయకండి, షుగర్ డాక్టరుకి చూపించండని చీటీ రాసిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. సత్యం జంక్షన్ దాటాక, "నీకున్నప్పుడు నాకెందుకు చెప్పలేదే?" అంది.

"మీరు నాకు చెప్పారా?"

"నువ్వేటనుకుంటావో అని" అని, కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది.