ఎంటల్లీ గోడకు అవతల

పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, మా విచారణ (చర్చి) గురువుగారి దీవెన తీసుకుని, నా భార్యతో కలిసి బస్సులో పలాస చేరి, అక్కడ హౌరా వెళ్లే రాత్రి రైలెక్కాను. పునీత మదర్ తెరెసా సమాధి ముందు మోకరిల్లాలన్నది మా ఇద్దరి చిరకాల మొక్కు.

తీరా కోల్‌కతాలో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డులో ఆ సమాధి ఉన్న మదర్ హౌస్‌కు చేరాక, గురువారాలు సందర్శకులను లోపలికి అనుమతించరని తెలిసింది. నా భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రోజు వృథా కాకూడదని, ఆ తల్లి సన్యాసినిగా పాఠాలు చెప్పిన ఎంటల్లీ అనే పేటకు నడిచి వెళ్లాము. నిజానికి నా యాత్ర అక్కడే జరిగిందనుకుంటాను.

1910లో స్కోప్యేలో పుట్టి, 1929లో మన దేశానికి వచ్చిన ఆమె, ఎంటల్లీలోని సెయింట్ మేరీస్ పాఠశాలలో భూగోళం, చరిత్ర బోధించి, 1944లో ప్రధానోపాధ్యాయిని అయ్యారు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్తుండగా, నిరుపేదల మధ్యనే ఉండి సేవ చేయమన్న ప్రభువు పిలుపు ఆమెకు వినిపించింది. తానున్న లొరెటో సన్యాసినుల మఠం దాటి రావడానికి అనుమతి దొరికేసరికి దాదాపు రెండేళ్లు గడిచాయి. 1948 ఆగస్టులో నీలి అంచు తెల్లచీర కట్టుకుని బయటికి వచ్చి, పాట్నాలో రోగులకు పరిచర్య చేయడం నేర్చుకుని, డిసెంబరులో మోతీఝీల్ బస్తీలో బడి మొదలుపెట్టారు. గది లేదు, నల్లబల్ల లేదు. పుల్లతో నేల మీద అక్షరాలు గీసి చూపించారు. ఇసుకలో ఓనమాలు దిద్దుకున్న నాకు ఆ బడిని ఊహించుకోవడం కష్టం కాలేదు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆ దూరం. పాఠశాల గోడకు అవతలే మోతీఝీల్. గోడ వెంబడి నడుస్తూ, ఇంత దగ్గరలో ఉన్న చోటికి వెళ్లడానికి ఆమె ఇరవై ఏళ్ల మఠ జీవితాన్ని వదులుకోవలసి వచ్చిందా అనుకున్నాను. మా తరగతుల్లోకి కొండ గ్రామాల నుంచి వచ్చే సవర పిల్లలు కొందరు ఏడాది మధ్యలోనే కనబడకుండా పోయేవారు. హాజరు పట్టీలో వరుసగా గైర్హాజరు వేసి, కొన్నాళ్లకు పేరు కొట్టేసేవాడిని. ఏ ఒక్కరి ఇంటికీ వెళ్లలేదు.

1949లో ఆమెను వెతుక్కుంటూ వచ్చి మొదట చేరినది ఆమె పాత విద్యార్థిని సుభాషిణి దాసే. ఆ అమ్మాయి సన్యాసినిగా తన గురువు జ్ఞానస్నాన నామమైన ఆగ్నెస్‌నే స్వీకరించింది. ఉపాధ్యాయురాలికి నోబెల్ కన్నా ఇదే పెద్ద బహుమానమని నాకు తోచింది.

సాయంత్రం కాళీఘాట్ వెళ్లి, దిక్కులేని మరణాసన్నుల కోసం ఆమె 1952లో తెరిచిన నిర్మల హృదయ్‌కు బయటినుంచే నమస్కరించాము.

శుక్రవారం ఉదయం దివ్యబలి పూజ తరువాత, ఏ అలంకారమూ లేని ఆ తెల్లని సమాధి మీద బంతిపూలు, పక్కన భక్తులు రాసి ఉంచిన ప్రార్థన చీటీలు కనిపించాయి. వంటగది పైనున్న ఆమె చిన్న గది చూశాము. అంత వేడిలోనూ ఆమె ఫ్యాను పెట్టించుకోలేదట. మళ్లీ సమాధి దగ్గరకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, నా భార్య ఇచ్చిన కాగితం మీద ఆ సవర పిల్లల పేర్లు తెలుగులో రాశాను. ఎంత ఆలోచించినా ఏడే గుర్తొచ్చాయి.