గిన్నెలో మిగిలిన పాలు

తీవ్ర పోషకాహార లోపంతో మా వార్డులో చేరిన బిడ్డకి పొద్దున ఎనిమిదింటి విడతలో ఇచ్చిన చికిత్స పాలలో గిన్నె అడుగున 30 మి.లీ. మిగిలాయి. సిరంజితో కొలిచి ఛార్టులో రాశాం. బిడ్డ బరువు 6 కిలోలు, వాపు లేదు. కిలోకి 130 చొప్పున రోజుకి 780 మి.లీ.; రెండు గంటలకోసారి 65. (కాళ్లూ ముఖమూ బాగా వాచి ఉంటే కిలోకి 100 దాటకూడదు.) అందులో కనీసం 52 తాగాలి. వరుసగా రెండు మూడు విడతలు అంతకన్నా తగ్గితే ముక్కుగొట్టం తప్పదు.

"కాస్త ఉప్పేస్తే తాగుతాడేమో సిస్టరమ్మా" అంది తల్లి. పప్పన్నం ముద్దకి అలవాటుపడ్డ నోటికి తీపి పాలు సయించకపోవడం నిజమే. కానీ ఉప్పు వద్దు. ఇంతగా చిక్కిపోయిన ఒంట్లో సోడియం ముందే ఎక్కువై ఉంటుంది, పొటాషియం తగ్గిపోయి ఉంటుంది. ఉప్పు పడితే ఒంట్లో నీరు చేరి గుండె తట్టుకోలేదు. దిండు కింద చిప్స్ ప్యాకెట్ కూడా అందుకే తీయించాం, తల్లిని కోప్పడకుండా. బిడ్డది మొండితనం కాదు. ఇన్ఫెక్షనూ జింకు లోపమూ కలిసి ఆకలిని చంపేస్తాయి.

మధ్యాహ్నం నుంచి మరమరాల పాలకి మార్చాం. లీటరుకి పాలు 300 మి.లీ., చక్కెర 60 గ్రాములు, మరమరాల పొడి 25, నూనె 25. మరమరాలు లేకుండా కలిపే చికిత్స పాలలో చక్కెర 90 పడుతుంది. ఇందులో తీపి తక్కువ, విరేచనాలు పెరిగే భయమూ తక్కువ. పొడి మెత్తగా లేకపోతే అడుగున పేరుకుంటుంది, గొట్టంలో అడ్డం పడుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు నీళ్ల దగ్గరే: అన్నీ కలిపాక లీటరు గీత దాకా నీళ్లు పోయాలి గానీ, లీటరు నీళ్లలో ఇవన్నీ కలపకూడదు. పలచబడిన పాలు ఎన్ని తాగినా బిడ్డకి చాలినంత శక్తి అందదు. ప్రతి విడతకీ ముందు గిలక్కొట్టాలి, లేకపోతే పైకి తేలిన నూనె ఒక బిడ్డకీ అడుగున మిగిలిన నీళ్లు ఇంకో బిడ్డకీ పోతాయి.

ఆరింటికి 11 మి.లీ. మాత్రమే మిగిలాయి. ఆకలి నిలబడ్డాక మాంసకృత్తులు ఎక్కువుండే పాలు ఇదే కొలతలో రెండు రోజులు; ఆ తర్వాతే విడతకి 10 మి.లీ. చొప్పున పెంచడం. తొందరపడి పెంచితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం ఒక్కసారిగా పడిపోతాయి. పప్పన్నం, గుడ్డు ఆ దశలోనే మొదలవుతాయి, అదీ పాలు పూర్తిగా తాగాకే. ఆ మాట వినగానే తల్లి ముఖం తేటపడింది.

రాత్రి రెండు, నాలుగు గంటల విడతలకి ఆమెను లేపాలని బోర్డు మీద రాశాం. అవి తప్పితే తెల్లారేసరికి రక్తంలో చక్కెర ప్రమాదపు గీత అయిన 54 కిందికి పోవచ్చు.