అద్దానికి ఏ పక్క తడి

పోయిన ఆదివారం మా అక్క కొడుకు కడప నుంచి ఫోన్ చేశాడు. వాడు సివిల్ ఇంజినీరు, నాలుగేళ్ళ అనుభవం ఉంది. "మామా, రెండు ఆఫర్లు వచ్చినాయి. ఒకటి దోహా, ఇంకొకటి మీ మాంచెస్టర్. జీతం లెక్కలన్నీ చూసుకున్నా. నువ్వు రెండు చోట్లా ఉన్నావు కదా, వాతావరణం సంగతి ఒక్కటి చెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాడే చెప్పుకున్నాడు. "ఎండ మనకేం కొత్త కాదులే. చలి అంటేనే టెన్షన్."

2013లో నేను కూడా అచ్చం ఇదే మాట అనుకుని ఖతార్‌లోని దోహాకు విమానం ఎక్కాను.

నాది ఏసీ మెకానిక్ పని. ఐటీఐ అయ్యాక కడప ఏడురోడ్ల దగ్గర సందులో ఒక చిన్న షాపులో చేరాను. అప్పట్లో ఏసీల కంటే కూలర్లే ఎక్కువ వచ్చేవి. మార్చి నుంచి జూన్ దాకా గడ్డి మార్చడం, పంపు మార్చడం, మళ్ళీ గడ్డి మార్చడం. మే నెలలో 43 డిగ్రీలు మాకు మామూలు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రోళ్ళ సంగతేమో గానీ బండలు పరిచిన మిద్దె మీద మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా కాలు మోపలేం. అయినా సరే, గడ్డి కూలర్‌లో రెండు బిందెల నీళ్ళు పోసి స్విచ్ వేస్తే కాసేపట్లో గదిలో ప్రాణం కుదుటపడుతుంది. మాది పొడిగాలి. నీళ్ళు కనిపిస్తే చాలు, తాగేస్తుంది. ఆవిరయ్యే నీళ్ళు తమతో పాటు వేడిని పట్టుకుపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడేది అందుకే, చెమట పట్టిన వీపుకు గాలి తగిలితే హాయిగా ఉండేదీ అందుకే. ఉక్కపోత అంటే మాకు వాన పడేముందు అరగంట. అంతకుమించి దాని ముఖం మేం చూడలేదు. మద్రాసు పోయొచ్చినవాళ్ళు చెబితే వినడమే.

దోహాలో నాతో గదిలో ఉన్నవాడు రాజంపేట అబ్బాయి. ఊరి నుంచి వస్తూ బట్టల మధ్య చుట్టి ఒక మట్టి కూజా తెచ్చుకున్నాడు. ఫ్రిజ్ నీళ్ళు తాగితే వాడికి గొంతు పట్టేసేది. ఆగస్టులో ఒక రాత్రి ఆ కూజాను నింపి, తడిగుడ్డ చుట్టి, కిటికీ బయట గట్టు మీద పెట్టాడు. తెల్లవారుజామున డ్యూటీకి పోయేముందు గ్లాసులో పోసుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. చుట్టిన గుడ్డ రాత్రి ఎంత తడిగా ఉందో అంతే తడిగా ఉంది. "ఏందన్నా, ఈ కూజాకేమైంది?" అన్నాడు. కూజాకేమీ కాలేదు. అక్కడి గాలికే దాహం లేదు.

వేడి సముద్రం పక్కన ఊరు అది. ఎండాకాలంలో సముద్రమే 32, 33 డిగ్రీలకు కాగి ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలి ఆవిరితో నిండిపోయి వస్తుంది. ఏసీ వ్యానులోంచి దిగగానే నా కళ్ళద్దాలు మసకబారి దారి కనిపించేది కాదు. పొద్దున్నే చూస్తే బిల్డింగుల అద్దాల మీద వాన పడినట్టు నీళ్ళు ధారలు కట్టి ఉండేవి. వాన కాదు. లోపల ఏసీకి అద్దం చల్లబడుతుంది, బయటి ఆవిరి వచ్చి దాని మీద నీరవుతుంది. తడి బయటి పక్కనే ఉంటుంది.

మా పనిలో స్లింగ్ అని ఒక పనిముట్టు ఉంటుంది. రెండు థర్మామీటర్లు పక్కపక్కనే బిగించి ఉంటాయి, ఒకదాని బుడ్డకు తడి గుడ్డ. గిలక్కాయలా గిరగిరా తిప్పి రెండు అంకెలూ చూస్తాం. కడప మే నెలలో పొడి థర్మామీటర్ 43 చూపిస్తే, గాలిలో తేమ 20 శాతం ఉంటే, తడి థర్మామీటర్ 25 దగ్గర ఆగుతుంది. దోహాలో ఆగస్టు రాత్రి పొడిది 34 చూపిస్తుంది. కడపవాడికి 34 అంటే నవ్వొస్తుంది. కానీ తేమ 75 శాతం ఉంటే తడి థర్మామీటర్ 30 చూపిస్తుంది. ఒంటికి తెలిసే లెక్క రెండోదే, ఎందుకంటే చెమట పట్టిన మనిషి కూడా తడిగుడ్డ చుట్టిన థర్మామీటరే. ఆ అంకె 35 దాకా పోయిందంటే చర్మం వేడీ అదీ ఒకటైపోతాయి. ఎంత చెమట పోసినా ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఇది నాకు పుస్తకంలో చదివితే అర్థమైంది కాదు. ఒక ఆగస్టు సాయంత్రం ఆరున్నరకు ఏడంతస్తుల బిల్డింగు పైన చిల్లర్ దగ్గర, అంటే బిల్డింగు మొత్తానికి చల్లదనం ఇచ్చే పెద్ద ఏసీ యంత్రం దగ్గర, పని పడింది. చిల్లర్ వదిలే వేడిగాలి ఒక పక్క, సముద్రపు ఆవిరి ఇంకో పక్క. మధ్యాహ్నం బయట పని చేయించకూడదన్న రూలు అప్పుడూ ఉంది, కానీ మాది సాయంత్రం పని. కాసేపు కిందికి దిగి వస్తామంటే మా సూపర్‌వైజర్ "సూర్యుడు పోయాడు కదా, ఇంకేం ఎండ?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. కడప బుర్ర కదా, పొద్దు గూకితే చల్లబడుతుందనే దానికి తెలుసు. గంటన్నర గడిచాక చేతిలో స్పానర్ ఎందుకుందో గుర్తురాలేదు. కూర్చుందామనుకుని కూర్చోలేదు, కూలబడ్డాను. రాజంపేట వాడే ఇంకొకరిని పిలిచి నన్ను లిఫ్టు దాకా మోసుకొచ్చాడు. సెలైన్ రెండు సీసాలు ఎక్కించారు. ఆ పూట జీతం కోశారు, అది వేరే కథ.

ఇప్పుడు అక్కడి నియమం కొంచెం గట్టిపడింది. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. అది కాక, తేమ, ఎండ, గాలి వేడి అన్నీ కలిపి కట్టే వేడి లెక్క (WBGT అంటారు) 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. ఆ లెక్కలో పదింట ఏడు పాళ్ళు తడి థర్మామీటర్‌వే. ఈ ఒక్క మాట రూలులోకి ఎక్కడం నాకు ఎంత సంతోషమో, ఆ మిద్దె మీద కూలబడినవాడికే తెలుస్తుంది.

ఇలా చెబితే దోహా అంటే నరకమనుకుంటారు. కాదు. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడి సాయంత్రాలు మన ఊరి సంక్రాంతి సాయంత్రాల్లా ఉంటాయి. శుక్రవారం కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు పక్కన చాప పరుచుకుని కూర్చుంటే లేవబుద్ధి కాదు.

2021 అక్టోబరులో భార్యాబిడ్డలతో మాంచెస్టర్ వచ్చాను. ఇక్కడ పెద్ద పెద్ద భవనాల్లో హీటింగు, వెంటిలేషన్ చూస్తాను. వచ్చేముందు కడపలో అందరూ చలి గురించే భయపెట్టారు. మా అమ్మ రెండు ఉన్ని మఫ్లర్లు అల్లించింది. తీరా వస్తే జనవరిలో పగలు 7, రాత్రి 2 డిగ్రీలు. మంచు ఏడాదికి నాలుగైదు రోజులు, అదీ పిల్లలు బొమ్మ చేసేలోపు కరిగిపోయేంత. మంచి కోటు, లోపల థర్మల్ బనియను, తడి లోపలికి రానివ్వని బూట్లు ఉంటే చలి పెద్ద విషయం కాదు. బూట్ల దగ్గర పిసినారితనం వద్దు, అది మాత్రం అనుభవం మీద చెబుతున్నా.

ఇబ్బంది పెట్టింది పొద్దు.

"మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యాన పూస గుచ్చ పొద్దుండదు" అని మా జేజి అనేది. కడపలో అత్యంత చిన్న పగలు కూడా పదకొండు గంటల పైనే ఉంటుంది. దానికే మా జేజి అంత మాట అంది. మాంచెస్టర్‌లో డిసెంబరు మూడో వారంలో 8.20కి తెల్లవారుతుంది, 3.50కి పొద్దు గూకుతుంది. మధ్యలో ఉన్న ఏడున్నర గంటల్లో కూడా సూర్యుడు కనిపిస్తాడన్న నమ్మకం లేదు. జనవరి మొత్తం మీద సగటున రోజుకు రెండు గంటల ఎండ కూడా పడదు. నేను చీకట్లో పోయి, బేస్‌మెంట్‌లో బాయిలర్ల దగ్గర పనిచేసి, చీకట్లో ఇంటికొచ్చేవాణ్ణి.

ఇక ముసురు. కడపలో ముసురు పట్టిందంటే పండగ. నవంబరులో తుఫాను పుణ్యమా అని రెండు రోజులు పడుతుంది, ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేస్తారు. ఇక్కడ అదే ముసురు ఐదు నెలలు. అన్ని నెలలు బజ్జీలు తినలేం కదా. విచిత్రం ఏమిటంటే వాన కొలత చూస్తే పెద్ద తేడా లేదు. కడపలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు, మాంచెస్టర్‌లో 800 పైచిలుకు. లండన్‌లో అయితే 600 దగ్గరే, మన కడప కంటే తక్కువ! మనకు పడితే వంకలు పొర్లేలా పడి వెళ్ళిపోతుంది. వీళ్ళకు అదే నీరు ఎవరో చేత్తో చిలకరిస్తున్నట్టు ఏడాదిలో 150 రోజులు పడుతుంది.

మూడో నెలకు నాకు పొద్దున లేవబుద్ధి కాలేదు. ఒంట్లో జబ్బేమీ లేదు. ఊరికే చిరాకు, ఎప్పుడూ తిండి మీద ధ్యాస, బిడ్డ ఏదైనా అడిగితే కసురుకోవడం. డాక్టర్ దగ్గరకు పోతే ఆమె రక్తపరీక్ష కంటే ముందు "ఎండలో చివరిసారి ఎప్పుడు నడిచావు?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. నా జీవితంలో ఎవరైనా నన్ను ఎండలో తిరగమని చెబుతారని అనుకోలేదు. మా అమ్మ ముప్పై ఏళ్ళు "ఎండన పడి పోవద్దురా" అనే చెప్పింది. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవాలని ప్రభుత్వ వైద్యులే చెబుతారు, మనలాంటి నల్లని ఒంటివాళ్ళు ఏడాది పొడుగునా వేసుకోవడం మేలంటారు. పొద్దున అరగంట 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) దీపం ముందు కూర్చోవడం, మధ్యాహ్నం అన్నం మానినా మానకుండా ఇరవై నిమిషాలు బయట నడవడం మొదలుపెట్టాను. మబ్బుగా ఉన్నా సరే. ఫిబ్రవరికి మనిషినయ్యాను.

ఆ చలికాలంలోనే ఒక పొద్దున పడకగది కిటికీ చూస్తే అద్దం మీద నీళ్ళు ధారలు కట్టి ఉన్నాయి. దోహా గుర్తొచ్చి వేలితో తాకాను. ఈసారి తడి లోపలి పక్కన. బయటి చలికి అద్దం చల్లబడింది. లోపల ముగ్గురి ఊపిరి, అన్నం ఉడికిన ఆవిరి, స్నానాల ఆవిరి, రేడియేటర్ మీద ఆరేసిన బట్టల తడి, అన్నీ పోయి దాని మీద పడ్డాయి. బీరువా వెనక గోడకు నల్లగా బూజు పట్టింది. ఇంటి ఓనరుకు చెబితే "కిటికీలు తీసిపెట్టుకోండి" అన్నాడు. డిసెంబరులో, గ్యాసు బిల్లు నేను కడుతుంటే. కడప మిద్దె మీద అరగంటలో ఆరే పంచె ఇక్కడ రెండు రోజులు పడుతుంది, అప్పటికీ అంచులు చెమ్మగానే ఉంటాయి.

మా ఆవిడను అడిగితే మాత్రం దోహాకే ఓటు. "అక్కడ ఎండ ఎక్కడుంది? ఇంట్లోంచి కారు, కార్లోంచి మాల్. ఇక్కడ రోజూ బిడ్డను బడి నుంచి తెచ్చుకునేసరికి ఇద్దరం తడిసి ముద్ద, నాలుగింటికే రాత్రి. చెమటైతే తుడుచుకోవచ్చు, ఈ మబ్బును ఏం తుడుస్తాం?" అంటుంది. మొదట్లో దీని మీద వాదించుకునేవాళ్ళం. తరవాత తట్టింది. దోహాను తను అద్దానికి లోపల నుంచి చూసింది, నేను బయట నుంచి చూశాను. ఇక్కడ తారుమారు. నేను బాయిలర్ రూములో టీషర్టు మీద ఉంటాను, తను చినుకుల్లో గొడుగు తిరగబడకుండా పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడుతుంది. ఒకే ఊరు చెప్పుకుంటున్నాం గానీ ఇద్దరివీ రెండు ఊళ్ళు.

నేనైతే మబ్బే ఎంచుకుంటాను. మబ్బు నన్ను మెల్లగా తిన్నది, మందూ దీపమూ పెట్టుకునే వ్యవధి ఇచ్చింది. ఆ మిద్దె మీద వేడి గంటన్నరే ఇచ్చింది. ఇది మే నెలలో రాస్తున్నాననేది మరిచిపోకండి. రాత్రి తొమ్మిదైనా వెలుగు పోలేదు, 18 డిగ్రీలకే పక్కింటి పెద్దాయన చొక్కా విప్పి గడ్డి మీద పడుకున్నాడు. జనవరిలో అడిగితే ఇంత ధీమాగా చెబుతానో లేదో.

మావాడికి ఇదంతా చెప్పాను. "అబ్బీ, ఊరు చూడొద్దు, నీ కుర్చీ యాడ వేస్తారో కనుక్కో" అన్నాను. దోహావాళ్ళను అడిగాడంట. సైటే అంట, హెల్మెటూ నీళ్ళ సీసా ఇస్తారంట. మాంచెస్టర్‌లో ఆఫీసు, వారానికి ఒకటి రెండు సార్లు సైటు.

వాడికి అప్పటికీ నమ్మకం కుదరలేదు. "34కే అంత కష్టమా మామా, కథలు చెబుతావు" అన్నాడు. అయితే రెండు థర్మామీటర్లు కొనుక్కొచ్చి ఒకదానికి తడిగుడ్డ చుట్టి మిద్దె మీద నీడలో ఫ్యాను ముందు పెట్టి చూడమన్నాను. నిన్న మధ్యాహ్నం ఫొటో పంపించాడు. ఒకటి 42, ఒకటి 24. వెనకాల మా అక్క ఆరేసిన చీర కనిపిస్తోంది, గాలికి గలగలమనేంత ఎండిపోయి. కింద మెసేజ్: "దోహా ఫొటో కూడా తెప్పించు మామా."

రాజంపేట వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. అడిగాను. "తీస్తాలే అన్నా, కానీ ఇప్పుడు తీస్తే ఏం లాభం, ఆగస్టు రానీ" అన్నాడు. మావాడు ఆఫరుకు జవాబివ్వాల్సింది జూన్ పదికి.