మోసెస్ మాట ఎంత చెల్లుతుంది?

వేర్వేరు దేశాల ప్రజలకు ఒకే ప్రశ్నావళి ఇచ్చి, వచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి పోల్చే సర్వేలను చూసినప్పుడల్లా నాకు చైనా, మెక్సికోల ఉదంతం గుర్తుకొస్తుంది. ప్రభుత్వం దగ్గర మీ మాట ఎంతవరకు చెల్లుతుందని అడిగితే, 2000 సంవత్సరంలో ఏడు దశాబ్దాల ఏకపార్టీ పాలనను ఓటుతో దించేసిన మెక్సికన్ల కన్నా, జాతీయ స్థాయిలో పోటీ ఎన్నికలే లేని చైనీయులు తమ మాటకే విలువ ఎక్కువని చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు, "కొంతవరకు" అన్న జవాబు దగ్గర ఎవరి కొలత వారిదే.

రాజనీతి శాస్త్రవేత్త గ్యారీ కింగ్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో దీనికొక ఉపాయం చూపారు. జవాబిచ్చేవారికి తమ సంగతితోపాటు కొన్ని కల్పిత వ్యక్తుల సంగతీ అంచనా వేయమన్నారు. వారిలో మోసెస్‌కు తాగడానికి మంచినీరు లేదు, ఓటు హక్కు లేదు, ప్రభుత్వంలో పట్టించుకునే నాథుడూ లేడు. అతడు మౌనంగా భరిస్తున్నాడు. చైనాలో చాలామంది తమను ఆ మోసెస్ కన్నా కింద నిలుపుకున్నారు. ఈ కొలతతో సరిచూస్తే రెండు దేశాల వరుస తారుమారైంది.

నాకు ఈ పద్ధతి నచ్చుతుంది గాని, ఇది నిలవాలంటే మోసెస్ పరిస్థితి రెండు దేశాల్లోనూ ఒకేలా అర్థం కావాలి, ఎవరైనా తమను కొలుచుకున్న కొలతతోనే అతణ్ణీ కొలవాలి. ఈ రెండింటిలో మొదటిదే నాకు ఎక్కువ అనుమానం, ఎందుకంటే ఎన్నికలు ఎరగని చోట ఓటు లేకపోవడం ఒక లోటుగా తోచకపోవచ్చు.