ఉత్సవం ముగిశాక చేతిలో ఏం మిగలాలి?

తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు వేంగీ సింహాసనం ఎక్కింది 1022లో. ఆ పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని మండలి రాజరాజ నరేంద్ర పట్టాభిషేక సంచికను వెలువరించింది. స్థానిక చరిత్ర సంఘాలు ప్రజల కోసం చేపట్టే కార్యక్రమాల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ సంచికే. ఉత్సవాలు జరిపేవారు ఇప్పుడు కూడా చాలామందే ఉన్నారు గాని, ఉత్సవాన్ని సాకుగా చేసుకొని సామాన్య పాఠకుడి చేతిలో చదువదగినది ఒకటి పెట్టేవారే కరువయ్యారు.

మండలి 1926 నుంచి పండితుల కోసం ఇంగ్లీషులో త్రైమాసిక పత్రికను నడిపింది. మరోవైపు 1935లో కాకతీయ సంచికను, 1947లో రెడ్డి సంచికను తెలుగులో తెచ్చింది. ఆంధ్రదేశం వెలుపలి విద్వాంసులతో ఒక భాషలో వాదిస్తూనే, ఇక్కడి బడిపంతులుకూ గ్రంథాలయ పాఠకుడికీ వారి భాషలోనే చరిత్రను అందించిన ఈ పద్ధతి వెనుక మంచి ఆలోచన ఉందని నా అభిప్రాయం. హైదరాబాదులో చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు పేరిట నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి కూడా 1935లో తెలంగాణ శాసనాలను పుస్తకంగా అచ్చు వేసింది. అప్పటి సంఘాల దృష్టిలో ప్రజలకు చరిత్ర చెప్పడమంటే ముందుగా ఆధారాలను వారి ముందు పెట్టడమే.

ఇప్పుడు ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం వస్తుంది, నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవాలు జరుగుతాయి. కోట చుట్టూ ఒక నడక, పిల్లలకు వ్యాసరచన పోటీ, పెద్దలకు శాలువాలు, చివరికి అందరూ కలిసి ఒక ఫొటో. నడకలను నేను తక్కువ చేయడం లేదు. కానీ నేను వెళ్లిన ఒక నడకలో గుడి ముందరి శాసన స్తంభం దగ్గర అందరం రెండు నిమిషాలు నిలబడి, ‘ఇది చాలా పురాతనమైనది’ అన్న ఒక్క వాక్యం విని ముందుకు సాగిపోయాం. ఆ రాతి మీద ఏమి రాసి ఉందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

అక్కడే అరగంట ఆగి ఉంటే ఎంత నేర్చుకోవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి తామ్రశాసనంలో పట్టాభిషేక సంవత్సరాన్ని అంకెల్లో కాక ‘వేదాంబురాశినిధి’ అనే మాటలతో చెప్పారు. వేదాలు నాలుగు, అంబురాశులు అంటే సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. ఇలాంటి సంఖ్యలను కుడి నుంచి ఎడమకు చదవాలి కనుక 944 వస్తుంది. అది శాలివాహన శక సంవత్సరం; దానికి 78 కలిపితే క్రీస్తు శకం 1022. ఈ లెక్కను ఎనిమిదో తరగతి పిల్లల చేత చేయించండి. రాజుల పేర్లూ తేదీలూ బట్టీ పట్టిన పిల్లలకు, ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో మొదటిసారిగా తెలుస్తుంది.

శాసనాల నకలు తీయడం దీనికన్నా మంచి కార్యక్రమం. రాతిని నీళ్లతో, బ్రష్షుతో మట్టి పోయేలా కడిగి, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేలా బ్రష్షుతో పైనుంచి కొడతారు. తర్వాత నల్లసిరా అద్దిన మెత్తని దిండులాంటి సాధనంతో తేలికగా తడుతూ పోతే, ఉబ్బెత్తు భాగమంతా నల్లబడి అక్షరాలు మాత్రం తెల్లగా తేలుతాయి. కంటికి ఆనని గీతలు కూడా కాగితం మీద స్పష్టపడతాయి. రక్షిత కట్టడాల్లో ఇలా చేయడానికి పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా పిల్లలను అసలు రాతి దగ్గరికి తీసుకువెళ్లి సిరా పట్టించడం ఎంతమాత్రం తగదు. శిల్పి చేత ఒక బండ మీద నాలుగు పంక్తులు చెక్కించుకుంటే, సంఘం ఏళ్ల తరబడి దానితోనే అభ్యాసం చేయించవచ్చు.

ఇక సంచిక విషయం. చిన్న సంఘానికి పెద్ద గ్రంథం వేసే స్తోమత ఉండదు, అవసరమూ లేదు. ఏటా ఒకే ఒక శాసనాన్ని ఎంచుకొని పదహారు పేజీల పుస్తకం వేస్తే చాలు. అందులో శాసనం ఫొటో, నకలు, ఇప్పటి లిపిలో పాఠం, సులభమైన తెలుగులో తాత్పర్యం, దానం ఇచ్చిందెవరు, ఏ భూమిని ఏ హద్దులతో ఇచ్చారు అన్న వివరాలు ఉండాలి. హద్దులను వదిలేయకూడదని నా పట్టుదల. చెరువులూ, వాగులూ, పొరుగూళ్లూ వచ్చేది అక్కడే. వాటిలో కొన్ని ఇప్పటికీ అదే పేరుతో ఉంటాయి. వచ్చే ఏడాది నడకకు దారి ఆ హద్దుల వెంటే వేసుకోవచ్చు.