నల్గొండలో ప్రతి నడుం నొప్పీ ఫ్లోరైడ్ కాదు: అమ్మకి వైద్యం చేయించిన అనుభవం

మా వైపు, అంటే మునుగోడు, మర్రిగూడ, చండూరు పక్కల, యాభై దాటినవాళ్లకి నడుం నొప్పి వచ్చినా మోకాళ్లు పట్టేసినా "ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు కదా" అని అక్కడితో వదిలేస్తారు. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగి ఒళ్లు వంగిపోయినవాళ్లని కళ్లారా చూశాం కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ ఆ మాట వల్లే మా అమ్మకి ఎముకలు గుల్లబారుతున్నాయని, అంటే ఆస్టియోపోరోసిస్ అని, చాలా ఆలస్యంగా తెలిసింది. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అమ్మకి అరవై దాటాయి. నీళ్ల బిందె ఎత్తబోతే నడుంలో కలుక్కుమంది, వారాలు గడిచినా తగ్గలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదలు. అంతకుముందు ఒకసారి వాకిట్లో జారి చెయ్యి ఆనించి పడితే మణికట్టు విరిగింది, కట్టు కట్టారు, అతుక్కుంది, ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. నిలబడ్డ మనిషి జారి పడినంత మాత్రానికే ఎముక విరిగితే, ఆ వయసులో ఎముక బలం పరీక్ష చేయించాల్సిందేనని నల్గొండలో ఎముకల డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు. ఆయన నడుం ఎక్స్‌రే తీయించి, ఒక వెన్నుపూస ముందువైపు అణిగిపోయి ఉండటం చూపించారు. బిందె బరువుకే ఆ పూస విరిగింది.

"నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా?" అని అడిగారు. "ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీసేసిన్రు సారూ" అంది అమ్మ. అండాశయాలు కూడా తీశారా అంటే ఇంట్లో ఎవరికీ తెలియదు, కాగితాలు లేవు. అసలు సంగతి ఇక్కడే ఉంది. మన ఎముక పాతది కరుగుతూ కొత్తది తయారవుతూ ఉంటుంది, ఆ కరిగేదాన్ని అదుపులో పెట్టేది ఈస్ట్రోజన్. నెలసరి ఆగాక మొదటి కొన్నేళ్లు ఎముక వేగంగా తరుగుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ తరుగుదల చిన్న వయసులోనే మొదలవుతుంది, గర్భసంచి ఒక్కటే తీసినా కొందరిలో అండాశయాలు త్వరగా పనిచేయడం మానేస్తాయి. మా ఊళ్లో ముప్పైల్లోనే ఆ ఆపరేషన్ అయిన ఆడవాళ్లు ఎంతమంది! వాళ్లలో ఒక్కరికైనా ఎముకల గురించి చెప్పినవాళ్లు లేరు, నాకు చాలా బాధ కలిగించేది ఇదే.

ఫ్లోరైడ్ సంగతి కూడా ఆయన వదిలేయలేదు. ముంజేతి ఎక్స్‌రే తీయించారు. ఒంట్లో ఫ్లోరైడ్ బాగా పేరుకుంటే ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుందట, అమ్మకి అది లేదు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు రాకముందు అమ్మ తాగింది బోరు నీళ్లే కాబట్టి ఇది చూడకుండా ఒక నిర్ణయానికి రాలేమన్నారు.

ఆయన చెప్పిన ఎముక బలం పరీక్ష, అంటే డెక్సా స్కాన్, హైదరాబాద్‌లో తీయించాం. నొప్పి ఉండదు, సూది ఉండదు, పరగడుపున వెళ్లాల్సిన పని లేదు, కాకపోతే కాల్షియం మాత్రలు ముందురోజు నుంచే ఆపమన్నారు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నడుముకి తీసేటప్పుడు కాళ్ల కింద ఎత్తు పెట్టారు, తుంటికి తీసేటప్పుడు పాదాన్ని లోపలికి తిప్పి పట్టీ వేశారు. నడుం చుట్టూ లోహం ఉండకూడదు. అమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి, చీర పిన్నులు తీయించారు. పుస్తెలు తీయాలేమో అని అమ్మకి ఒకటే టెన్షన్, "పైకి జరుపుకోండమ్మా చాలు" అని అక్కడి అమ్మాయి చెప్పాక స్థిమితపడింది.

రిపోర్టులో చూడాల్సింది టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోలిస్తే మన ఎముక ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె. మైనస్ 1 నుంచి పైకి ఉంటే మామూలు, మైనస్ 1కి మైనస్ 2.5కి మధ్య ఉంటే ఎముక పల్చబడుతోందని, మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపోరోసిస్ అని. అమ్మకి నడుం దగ్గర మైనస్ 1.8, తుంటి దగ్గర మైనస్ 2.9. నడుం అంకె చూసి నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను కానీ, వయసుతో పూసలకి పెరిగే ఎముకల వల్లా, పూస అణిగిపోయినా, ఫ్లోరైడ్ ఉన్నా అక్కడ స్కోరు ఉన్నదానికన్నా మెరుగ్గా వస్తుందని, తుంటి చూడాలని డాక్టర్ చెప్పారు. మన జిల్లావాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

రక్తపరీక్షల్లో విటమిన్ డి 11 వచ్చింది, 20 కన్నా తక్కువైతే లోపం కింద లెక్క. జీవితమంతా పత్తి చేలల్లో, నాట్లలో ఎండకి పనిచేసిన మనిషికి ఇదేంటి అనిపించింది, కానీ కొన్నేళ్లుగా అమ్మ ఇల్లు కదలడం లేదు. పొద్దున్నే వచ్చే లేత ఎండతో పెద్దగా లాభం లేదట, పదకొండు దాటాక కాసేపు చేతులకీ కాళ్లకీ ఎండ తగలాలి. ముందు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల డి మందు ఇచ్చి, ఆ తర్వాతే అసలు మందు మొదలుపెట్టారు.

అది అలెండ్రోనేట్ మాత్ర, 70 మిల్లీగ్రాములు, వారానికి ఒకటే. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి, అరగంట పాటు చాయ్ లేదు, తిండి లేదు, వేరే మాత్ర లేదు, నడుం వాల్చకూడదు. లేవగానే చాయ్ తాగే అమ్మకి ఆ అరగంట కష్టమే అయినా ఓపిక పట్టింది. కానీ ఛాతీలో మంట మొదలైంది. అప్పుడు ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌కి మార్చారు. దానికి ముందు కిడ్నీ పరీక్ష చేశారు, పుచ్చిన పన్ను ఉంటే పీకించుకుని రమ్మన్నారు, ఎందుకంటే ఈ మందులు వాడేటప్పుడు పన్ను పీకితే అరుదుగా దవడ ఎముక మానకుండా పోతుందట. ఎక్కించిన రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి, మొదటిసారి చాలామందికి వస్తాయని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు.

ఇంట్లో మార్చింది ఎక్కువేం లేదు. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు, రాత్రి చిన్న లైటు, వంగి ఊడవకుండా పొడుగు కట్ట చీపురు, కింద నుంచి బిందె ఎత్తడం బంద్. పొద్దున తైదల (రాగి) జావ, రోజూ పెరుగు, నువ్వుల పొడి. పిల్లలకి కూడా అదే జావ పోస్తున్నాను, ఎముకలో బలం పోగయ్యేది దాదాపు ముప్పై ఏళ్ల వరకే.

మా అక్కకి నలభై రెండేళ్లు, తనకీ గర్భసంచి తీసేశారు. తన ఆపరేషన్ కాగితాలు వెతికితే దొరికాయి, అండాశయాలు రెండూ తీసినట్టు రాసి ఉంది. వచ్చే నెల అమ్మని చూపించడానికి వెళ్లేటప్పుడు అక్కకి కూడా స్కాన్ తీయిస్తున్నాం.