ఆయీ వంటింట్లో రెండు వారాలు

ఆయీ జాడీ మూత ఎత్తగానే అడుగు నుంచి ఒక బుడగ పైకొచ్చి పగిలింది. పండుమిరప, అల్లం కలిసి పులిసిన వాసన గుప్పుమంది. ఆ జాడీ మూతి చుట్టూ గాడి ఉంటుంది. గాడి నిండా నీళ్లు పోసి మూత బోర్లిస్తారు. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి మాత్రం లోపలికి రాదు. మా అమ్మ ఆవకాయ జాడీకి గుడ్డతో వాసెన కడుతుంది, ఈవిడ నీళ్లతో కట్టింది. సాయం చేద్దామని నేను చెయ్యి పెట్టబోతే ఆపేసింది. వేలికి రవ్వంత నూనె ఉన్నా ఉప్పునీరు చెడిపోతుందట. ఊరగాయలప్పుడు మా అమ్మ పడే టెన్షనే ఆవిడ మొహంలోనూ కనిపించింది.

మా తమ్ముడు నాలుగేళ్లుగా చైనాలో, సిచువాన్ రాష్ట్రం రాజధాని చెంగ్డూలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయీ వాడుండే ఇంటి ఓనరు, కింది అంతస్తులోనే ఉంటుంది. పెద్దావిడను మనం పిన్నిగారూ అన్నట్టు అక్కడ ఆయీ అంటారు. వాడు వచ్చే ఏడు హైదరాబాద్ తిరిగొచ్చేస్తున్నాడు. “అక్కా, ఈ వంకాయ కూర, మాపో తోఫూ నేర్చుకుని వెళ్లవే. అక్కడ నాకు ఎవరు చేసిపెడతారు?” అన్నాడు. మాపో తోఫూ అంటే సోయాపాలు విరిచి చేసిన మెత్తటి ముక్కల కారం కూర. అక్టోబరులో బ్యాంకాక్ మీదుగా వెళ్లి రెండు వారాలు ఉన్నాను. నోటుపుస్తకంలో ప్రతి దినుసు పక్కనా ఒకటే ప్రశ్న రాసుకున్నాను: ఇది దొరక్కపోతే ఏం వెయ్యాలి?

మొదటిరోజు ఆ మాట మూడోసారి అడిగేసరికి ఆయీ స్టవ్ ఆపేసింది. తమ్ముడు తెలుగు చేసి చెప్పాడు: “దాని పేరు అడుగుతున్నావు. అది కూరలో ఏం పని చేస్తుందో అడగడం లేదు.” నేను ఆ పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

వంకాయ కూర పేరు యూషాంగ్, అంటే చేప వాసన. అందులో చేప ముక్క కూడా ఉండదు. సిచువాన్ ఇళ్లలో చేపల కూరకు వేసే ఊరమిరప, అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, వెనిగర్, పంచదార వంకాయకు పట్టిస్తారు, అంతే. కొన్ని ఇళ్లలో మిరపకాయల జాడీలోనే ఒక చిన్న చేపను కూడా ఊరవేస్తారట. ఆయీ చిన్నప్పుడు బియ్యానికీ మాంసానికీ కూపన్లు ఉండేవి. 1955లో మొదలైన ధాన్యం కూపన్లు 1993 దాకా నడిచాయి. మాంసం కూపన్ అయిపోయిన వారాల్లో వాళ్లమ్మ ఈ కూరే చేసేదని చెబుతూ ఆయీ కాసేపు గరిట కదపలేదు.

పులుపు దగ్గర నేను తప్పు చేశాను. నల్ల వెనిగర్ బదులు నేను తీసుకెళ్లిన చింతపండు పులుసు, కొంచెం బెల్లం వేసి వండాను. నోటికి బాగానే ఉంది కానీ అది మన పులుసుకూర అయింది. వంకాయ మీద ఉండాల్సిన నిగనిగ పోయింది. ఆయీ వెనిగర్‌లో వేలు ముంచి నా ముక్కు దగ్గర పెట్టింది, తర్వాత చింతపండు పులుసులో ముంచి పెట్టింది. అప్పుడు అర్థమైంది. చింతపండు పులుపు నాలుక మీద కూర్చుంటుంది, వెనిగర్ పులుపు ముందు ముక్కుకి తగులుతుంది. అందుకే వెనిగర్‌ని చివర్లో, మూకుడు భగ్గుమని ఉన్నప్పుడు, ఆవిరితో పైకి లేచేలా వేస్తారు. ఆ పని చింతపండు చెయ్యలేదు. నల్ల వెనిగర్ దొరక్కపోతే మామూలు బియ్యపు వెనిగర్‌లో చిటికెడు బెల్లం వేసుకోమంది. అది పనిచేసింది. గంజిచిక్కదనానికి ఆవిడ బఠాణీ పిండి వాడింది. దానికి కార్న్‌ఫ్లోర్ చాలు, ఆలోచించక్కర్లేదు.

మాపో తోఫూలో అసలైతే గొడ్డుమాంసం కైమా వేస్తారు. నేను తిననని తెలిసి ఆయీ ఎండు పుట్టగొడుగులు నానబెట్టి, సన్నగా తరిగి, తడంతా ఇగిరిపోయి కరకరలాడేదాకా వేయించింది. ఆ కూరలో కైమా చేసే పని మెత్తటి తోఫూ మధ్య పంటికి తగలడం. పుట్టగొడుగులు అది చక్కగా చేశాయి. తోఫూ బదులు పన్నీరు వేసుకోవచ్చా అని మనవాళ్లు చాలామంది అడుగుతారు. నన్నడిగితే వద్దంటాను. పన్నీరు పంటి కింద గట్టిగా నిలబడుతుంది. తోఫూ నోట్లో జారిపోవాలి, ఆ కూర అందం అదే.

మాపో తోఫూకి ప్రాణం దోబాన్‌జాంగ్ అనే చిక్కుడు గింజల, మిరప ముద్ద. ఒక ఆదివారం మెట్రో 6వ లైన్ చివరిదాకా వెళ్లి, అది తయారయ్యే పీడు చూశాం. పాత పేరు పీషియన్, ఇప్పుడది చెంగ్డూలో ఒక జిల్లా. ఒక ఆవరణలో వరసలు వరసలుగా మట్టి కాగులు, వాటి పక్కన వెదురు టోపీలు. బూజు పట్టించి పులియబెట్టిన పెద్ద చిక్కుడు గింజల్ని ఉప్పు, పండుమిరపతో కలిపి కాగుల్లో వేస్తారు. పగలు ఎండ, రాత్రి మంచు తగలనిస్తారు. వాన వస్తే టోపీ పెడతారు. ఏడాది ఊరింది ఎర్రగా, మూడేళ్లు ఊరింది దాదాపు నల్లగా ఉంది. మాది గుంటూరు కాబట్టి ఆ వాసనకి నాకు మా పెరట్లో పండుమిరప దంచే రోలు గుర్తొచ్చింది. చింతపండు కలపకముందు పక్కకు తీసిన పండుమిరప ముద్దకి, సోయా గింజల ముద్ద ఏదైనా కలిపి, నూనె ఎర్రబడేదాకా సన్నసెగ మీద వేయిస్తే రంగూ, ఉప్పూ, కారమూ వస్తాయి. మూడేళ్ల ఎండ మాత్రం రాదు. అందుకే దీన్ని కొనుక్కుని తెచ్చుకోవడమే మేలు.

తిరిగొస్తూ తమ్ముడు ఒక సంగతి చెప్పాడు. పక్కనున్న గుయిజౌ రాష్ట్రంలో ఒకప్పుడు ఉప్పు దొరకడమే కష్టంగా ఉండేది. కొండజాతుల వాళ్లు ఉప్పుకు బదులు మిరపకాయ వాడుతున్నారని 1720ల నాటి ఒక స్థానిక గ్రంథంలో ఉంది. అంటే అక్కడ మిరపకాయ మొదట ఇంకోదాని బదులుగానే పళ్లెంలోకి వచ్చింది. ఇది తెలిశాక, చెన్ కెన్‌మిన్ కథ కూడా నాకు కొత్తగా అనిపించలేదు. సిచువాన్‌లో పుట్టి 1952లో జపాన్ చేరిన ఆ వంటమనిషి రొయ్యల కూరలో టమాటా కెచప్, పంది మాంసం వేపుడులో వెల్లుల్లి ఆకుల బదులు క్యాబేజీ వేశాడు. ఇవాళ అక్కడి ఇళ్లలో అవే అసలు వంటలు.

చివరికి మిగిలింది హ్వాజావ్, నాలుకని తిమ్మిరెక్కించే గింజ. నిజానికి వాడేది గింజ కాదు, దాని పైతొక్క. నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో అమెరికా 1968 నుంచి 2005 దాకా దాని దిగుమతిని నిషేధించింది. మిరియాలు వేస్తే ఘాటు వస్తుంది గానీ తిమ్మిరి రాదు. నా పెట్టెలో గోవాలో కొన్న తిరఫలం పొట్లం ఒకటుంది, కొంకణంలో చేపల పులుసులో వేస్తారు. అదీ హ్వాజావ్ జాతిదే. దాని శాస్త్రీయ నామంలోని ‘రెట్సా’ మన తెలుగు మాటే. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దాన్ని రచ్చమాను నుంచి తీసుకున్నాడు. కొండవాళ్లు ఆ చెట్టు నీడన రచ్చ తీర్చేవాళ్లని కూడా రాశాడు. ఇది చదివిన రోజు ఎంత సంతోషపడ్డానో. మన పేరు పెట్టుకున్న కాయను మన వంటింట్లోకి పిలవడం మాత్రం మర్చిపోయాం.

ఆయీ ఒక కాయ విరిచి, లోపలి నల్ల గింజ తీసి పారేసి, తొక్క నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఎవరం మాట్లాడలేదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి ఏదో అంది. “చుట్టమేనట అక్కా. తిమ్మిరి కొంచెం ఆలస్యంగా వస్తోందట. నారింజతొక్క వాసన ఎక్కువట.”

పొట్లం ఆవిడకే ఇచ్చేశాను. బదులుగా నా పెట్టెలో రెండు దోబాన్‌జాంగ్ ప్యాకెట్లు, ఒక హ్వాజావ్ పొట్లం పెట్టింది. ఇంటికొచ్చిన మూడో వారం తమ్ముడు ఒక ఫోటో పంపాడు. ఆయీ జాడీ మూత తీసి ఉంది. ఎర్రటి మిరపకాయల మధ్య మన తిరఫలాలు తేలుతున్నాయి. హ్వాజావ్ వెయ్యాల్సిన చోట ఈసారి అవి వేసిందట.